మొదటి హ్యాండ్‌గన్ కొనేముందు

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? సరే, నేరుగా విషయంలోకి వెళ్ళిపోతాను, ఎందుకంటే మీలో చాలామంది అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు. "మొదటి పిస్టల్ ఏది కొనమంటారు, పేరు చెప్పండి చాలు" అంటారు. పేర్లు చెప్తాను, దాచను. కానీ ముందు ఒక మాట. మొదటి తుపాకీకి నేను పెట్టే పరీక్షలు రెండే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ అది పేలాలి. మీరు దాన్ని చెయ్యి నొప్పి పుట్టకుండా, విసుగు రాకుండా, వందల రౌండ్లు (తూటాలు) పేల్చగలగాలి. ఈ రెండూ లేని తుపాకీ ఎంత అందంగా ఉన్నా, ఎంత పేరున్నా, మొదటిదిగా పనికిరాదు.

ఇంకొకటి, తుపాకీ కొనడం కంటే ముందు మీరుంటున్న చోట చట్టం ఏమంటుందో పూర్తిగా చదవండి. లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇంట్లో ఎలా దాచాలి, బయటికి ఎలా తీసుకెళ్ళాలి, ఏ క్యాలిబర్ (తూటా సైజు) పౌరులకి ఇస్తారు, ఇవన్నీ దేశానికో రకంగా ఉంటాయి. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం తూటాని సామాన్యులకి ఇవ్వని దేశాలు కూడా ఉన్నాయి. అలాంటి చోట ఉన్నవాళ్ళు .22, .32 లాంటి వాటిలో వెతుక్కోవాలి. నేను ఇప్పుడు చెప్పే పేర్లు మారతాయేమో గానీ ఎంచుకునే పద్ధతి వాళ్ళకీ ఇదే.

ముందు డబ్బు సంగతి మాట్లాడదాం, "అందుబాటు ధర" అనే మాట దగ్గరే చాలామంది తడబడుతున్నారు కాబట్టి. మీ దగ్గర ఉన్న డబ్బంతా తుపాకీ మీదే పెట్టేస్తే, దాన్ని పేల్చడానికి తూటాలు కొనుక్కోలేరు. పేల్చకపోతే గురి రాదు, గురి రాని మనిషి చేతిలో ఖరీదైన పిస్టల్ ఉన్నా చౌక పిస్టల్ ఉన్నా తేడా లేదు. నా అభిప్రాయం అడిగితే, మొత్తం బడ్జెట్‌లో సగానికి మించి తుపాకీకి వెళ్ళకూడదు. మిగతా సగంలో తాళం వేసే గట్టి పెట్టె, చెవులకీ కళ్ళకీ రక్షణ, రెండు మూడు అదనపు మ్యాగజైన్లు (తూటాలు నింపే డబ్బాలు), ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే మంచి హోల్‌స్టర్ (తుపాకీ పెట్టుకునే ఒర), ఒక బేసిక్ క్లాసు, ఆ తర్వాత మిగిలినదంతా తూటాలు. ఏడాది తిరిగేసరికి తూటాల ఖర్చు తుపాకీ ధరని దాటిపోవడం మామూలే, నిజానికి దాటాలి కూడా.

ఇప్పుడు నమ్మకం అంటే ఏమిటి? సెమీ ఆటోమేటిక్ పిస్టల్ లోపల జరిగేది తెలిస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూటా పేలినప్పుడు పుట్టిన బలంతోనే పైన కదిలే భాగం, అంటే స్లైడ్, వెనక్కి వెళ్తుంది, ఎక్స్‌ట్రాక్టర్ ఖాళీ తొడుగుని పట్టి లాగుతుంది, ఎజెక్టర్ దాన్ని బయటికి విసురుతుంది, స్ప్రింగ్ స్లైడ్‌ని మళ్ళీ ముందుకు నెడుతుంది, ఆ నెట్టుడులో మ్యాగజైన్ పైన ఉన్న కొత్త తూటా ఛాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటికి, ఎక్కుతుంది. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు. ఇందులో ఎక్కడ చిన్న తేడా వచ్చినా జామ్ అవుతుంది. మంచి కంపెనీ పిస్టల్ జామ్ అయితే నేను ముందు తుపాకీని అనుమానించను. మొదట మ్యాగజైన్ చూస్తాను: పై అంచులు వంగాయా, స్ప్రింగ్ చచ్చుబడిందా అని. తర్వాత తూటాలు. తర్వాత పట్టు, ఎందుకంటే మణికట్టు వదులుగా పెడితే పిస్టల్ మొత్తం వెనక్కి కదిలిపోయి, స్లైడ్ పూర్తి దూరం వెళ్ళే బలం మిగలదు. తేలికైన ప్లాస్టిక్ ఫ్రేమ్ పిస్టళ్ళలో ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది. ఆ తర్వాత మురికి, నూనె లేకపోవడం. ఇవన్నీ చూశాకే తుపాకీ తప్పు.

అందుకే ఒక పిస్టల్ మీద నమ్మకం కుదరాలంటే దాని పేరుతో పాటు దాని మ్యాగజైన్లు, విడిభాగాలు, హోల్‌స్టర్లు తేలిగ్గా దొరుకుతాయా అనేది చూడాలి. ఇక్కడే నా సలహా చాలా సాదాగా ఉంటుంది, కొందరికి చప్పగా కూడా అనిపిస్తుంది: ఏదో ఒక పెద్ద పోలీసు శాఖో సైన్యమో ఏళ్ళ తరబడి వాడిన మోడల్ కొనండి. వాళ్ళు ఎంచుకునే ముందు వేల రౌండ్లు పేల్చి, కింద పడేసి, బురదలో పెట్టి పరీక్షిస్తారు. ఆ పరీక్షల ఖర్చు మీకు పడదు, ఫలితం మాత్రం మీకు దక్కుతుంది. పైగా లక్షల సంఖ్యలో తయారవుతాయి కాబట్టి ధర మరీ పైకి పోదు.

పేర్లు అడిగారు కదా. గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం 1982లో ఎంచుకుంది. దాని తమ్ముడు గ్లాక్ 19 1988లో వచ్చింది. బారెల్ (గొట్టం) 102 మిల్లీమీటర్లు, మ్యాగజైన్‌లో 15 రౌండ్లు, ఖాళీగా సుమారు 600 గ్రాములు. ఈ గ్లాక్ 19 సైజుని కొలబద్దగా పెట్టుకోండి, అదే కొనమని కాదు, ఆ సైజు నుంచి మొదలుపెట్టమని. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ 2005లో వచ్చింది, చాలామంది చేతులకి గ్లాక్ కంటే బాగా కూర్చుంటుంది. చెకొస్లొవేకియాలో 1975లో పుట్టిన సీజెడ్ 75 ఉక్కు పిస్టల్, బరువెక్కువ, ఆ బరువు వల్లే రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) పేల్చడానికి హాయిగా ఉంటుంది. బెరెటా 92ని అమెరికా సైన్యం 1985లో ఎం9 పేరుతో తీసుకుని మూడు దశాబ్దాలు వాడింది. వాల్తర్, హెచ్‌కే, సిగ్ కంపెనీలవి కూడా ఉన్నాయి. వీటిలో ఏది మంచిది అని రాత్రింబవళ్ళు వాదించుకునేవాళ్ళు ఉంటారు, మీరు ఆ వాదనలో చిక్కుకోకండి. ఈ వరసలో ఏది కొన్నా మొదటి వెయ్యి రౌండ్లలో గురి తప్పితే అది తుపాకీ వల్ల తప్పే అవకాశం చాలా తక్కువ.

అడుగున ఉండే మరీ చౌక రకాల సంగతి. కొన్నిటిలో స్లైడ్‌ని ఉక్కుతో కాకుండా జింక్ మిశ్రమంతో పోత పోస్తారు. ఛాంబర్‌ని లాక్ చేసే ఏర్పాటు ఉండదు, స్లైడ్ బరువు మీదే ఆధారపడతాయి, అందుకే పైభాగం బరువుగా, మొరటుగా ఉంటాయి. పేలుతాయి, పేలవని అనను. కానీ అదే డబ్బుకి ఇంకొంచెం కలిపితే మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్ సర్వీస్ పిస్టల్ వస్తుంటే వాటి జోలికి ఎందుకు వెళ్ళాలి?

సైజు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కొత్తవాళ్ళు, ముఖ్యంగా చేతులు చిన్నగా ఉన్నవాళ్ళు, షాపులోకి వెళ్ళగానే అమ్మేవాడు బుల్లి పిస్టల్ తీసి చేతిలో పెడతాడు. "మీకిది సరిపోతుంది, తేలిక" అంటాడు. చేతిలో ముద్దుగానే ఉంటుంది, పేల్చినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. అదే తూటా, అదే బలం, తుపాకీ బరువు సగమైతే ఆ తన్నుడంతా మీ చేతికే వస్తుంది. బారెల్ పొట్టిది కాబట్టి గురి చూసే గుర్తుల్లో ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ మధ్య దూరం తక్కువ, చిన్న వంకర కూడా లక్ష్యం దగ్గర పెద్ద తేడా అవుతుంది. పిడి పొట్టిది కాబట్టి చిటికెన వేలు గాల్లో ఉంటుంది. స్లైడ్ చిన్నది కాబట్టి లోపలి స్ప్రింగ్ గట్టిగా పెట్టాల్సి వస్తుంది, అంటే లాగడం ఇంకా కష్టం. చేతిలో బలం తక్కువ ఉన్నవాళ్ళకి సరిగ్గా బలం ఎక్కువ కావాల్సిన తుపాకీ అంటగడుతున్నారన్న మాట. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అలాంటి పిస్టల్ కొన్న మనిషి రెండుసార్లు రేంజ్‌కి వచ్చి, చెయ్యి నొప్పి పెట్టి, "నాకిది రాదులే" అనుకుని మానేస్తారు. వాళ్ళకి రాకపోవడం కాదు, వాళ్ళ చేతికి ఇచ్చింది తప్పు.

2018లో వచ్చిన సిగ్ పీ365 లాంటివి అంత చిన్న ఒంట్లో 10 రౌండ్లు పట్టించాయి, గొప్ప పనితనం, కాదనను. అవి రెండో తుపాకీలు. మొదటిది మీ చేతి నిండా ఉండాలి.

చేతికి సరిపోవడం ఎలా చూడాలి? ముందు ఖాళీగా ఉందో లేదో షాపతను చూసినా సరే మీరు మళ్ళీ చూడండి: మ్యాగజైన్ తీసి, స్లైడ్ వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమి. ఆ తర్వాత పట్టుకోండి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చర్మం పిడి పై అంచుకి ఎంత దగ్గరగా వెళ్తే అంత మంచిది. బారెల్ మీ ముంజేతికి సూటిగా, ఒకే గీతలో ఉండాలి. అలా ఉంచి చూపుడువేలు చాపితే, మొదటి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీదకి తేలిగ్గా అందాలి. అందడానికి పట్టు తిప్పాల్సి వస్తే ఆ పిడి మీకు లావు. చాలా కొత్త మోడళ్ళతో పిడి వెనక భాగాన్ని మార్చుకునే పలకలు వస్తాయి, అవి పెట్టించి మళ్ళీ చూడండి. మ్యాగజైన్ వదిలే బటన్ అందుతుందా, ఎడమచేతి వాళ్ళైతే అది రెండోవైపుకి మార్చుకోవచ్చా, ఇదీ అడగండి. చెప్పులు ఇంకొకరి కాలి కొలతతో కొనుక్కోం కదా, స్నేహితుడు మెచ్చుకున్నాడని అతని పిస్టల్ కొనడమూ అంతే. అద్దెకి పేల్చనిచ్చే రేంజ్ దొరికితే, కొనేముందు మూడు నాలుగు మోడళ్ళు తలా ఒక 50 రౌండ్లు పేల్చి చూడండి. ఆ ఖర్చు వృథా అనుకోకండి.

స్లైడ్ లాగడం రావట్లేదు అంటారు కొందరు. సగం మందికి అది బలం సమస్య కాదు, పద్ధతి సమస్య. రెండు వేళ్ళతో గిల్లినట్టు లాగొద్దు. అరచేతి మొత్తంతో స్లైడ్ పైనుంచి పట్టుకుని, పిస్టల్‌ని ఒంటికి దగ్గరగా తెచ్చి, లాగే చేతిని కదలనివ్వకుండా, పిడి పట్టిన చేత్తో ముందుకి గట్టిగా తోయండి. బారెల్ మాత్రం ఎప్పుడూ లక్ష్యం వైపే, తంటాలు పడుతూ పక్కవాళ్ళ వైపు తిప్పేస్తారు జాగ్రత్త. అప్పటికీ రాకపోతే .380 క్యాలిబర్‌లో స్ప్రింగ్ మెత్తగా ఉండే పిస్టళ్ళు ఉన్నాయి, రివాల్వర్ ఉంది.

క్యాలిబర్ గురించి త్వరగా చెప్పేస్తాను, దీని మీద అవసరానికి మించి మాటలు నడుస్తాయి. చట్టం అనుమతిస్తే 9 ఎంఎం. జార్జ్ లూగర్ రూపొందించిన ఈ తూటాని జర్మన్ నౌకాదళం 1904లో, సైన్యం 1908లో తీసుకున్నాయి, ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా వాడే పిస్టల్ తూటా ఇదే, కాబట్టి చౌకగా దొరుకుతుంది. "9 ఎంఎంకి బలం చాలదు" అనే మాట మీ చెవిన పడుతుంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లని పోగొట్టుకున్నాక అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 10 ఎంఎం వైపు, ఆ తర్వాత .40 వైపు వెళ్ళింది. కానీ తూటాల తయారీ మెరుగుపడ్డాక అదే ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎంఎంకే వచ్చింది. వాళ్ళ వాదనలో నాకు నచ్చిన ముక్క: తన్నుడు తక్కువ కాబట్టి ఎక్కువమంది త్వరగా, సరిగ్గా తగిలించగలుగుతున్నారు. శిక్షణ ఉన్న ఏజెంట్లకే అది వర్తిస్తే మనకి చెప్పక్కర్లేదు.

నేర్చుకోవడం కోసమే అయితే .22 ఎల్ఆర్ పిస్టల్‌ని మించింది లేదు. 1887 నాటి తూటా, తన్నుడు లేనట్టే, ధర చాలా తక్కువ. రూగర్ 1949 నుంచి ఇలాంటి .22 పిస్టళ్ళు చేస్తోంది. ఒక లోపం ఉంది, పేల్చే మందు తూటా అడుగు అంచు చుట్టూ ఉంటుంది, ఆ అంచంతా సమానంగా పరుచుకోకపోతే అప్పుడప్పుడు పేలదు. ప్రాక్టీసుకి అది పట్టించుకోవాల్సిన విషయం కాదు, ఆత్మరక్షణకి అవుతుంది.

ఆ, రివాల్వర్ గురించి ఎవరో అడిగారు. "రివాల్వర్ జామ్ అవ్వదు కదండీ, కొత్తవాళ్ళకి అదే మంచిది కదా" అని. సగం నిజం. తూటా పేలకపోతే మళ్ళీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా వస్తుంది, మ్యాగజైన్ గొడవ లేదు, స్లైడ్ లాగక్కర్లేదు, లోడై ఉందో లేదో సిలిండర్ (తూటాలు ఉండే చక్రం) తెరిస్తే కళ్ళెదురుగా కనిపిస్తుంది. కానీ డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (నొక్కితే సుత్తిని, అంటే హామర్‌ని, తనే వెనక్కి లాగి వదిలేది) బరువు 5 కిలోల దాకా ఉంటుంది, చూపుడువేలితో అంత బరువు లాగుతూ సైట్లు కదలకుండా ఉంచడానికి చాలా సాధన కావాలి. ఇక రివాల్వర్ నిజంగా మొరాయిస్తే, ఎక్స్‌ట్రాక్టర్ కింద చెత్త చేరి సిలిండర్ తిరగకపోతే, పిస్టల్‌లాగా రెండు సెకన్లలో సరిచేయలేరు. తీసుకునేట్టయితే నాలుగంగుళాల బారెల్, ఉక్కు ఫ్రేమ్ ఉన్నది తీసుకోండి. స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 మూలాలు 1899లో ఉన్నాయి, రూగర్ జీపీ100 ఎడ్లబండి కట్టినంత గట్టిది. .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్ తూటాలు పేల్చుకోవచ్చు, చౌక, మెత్తన. .38 రివాల్వర్‌లో మాత్రం .357 వేయకూడదు, అవి పొడుగు, పీడనం చాలా ఎక్కువ. రెండంగుళాల తేలిక రివాల్వర్ మాత్రం మొదటిదిగా అస్సలు వద్దు. 400 గ్రాముల చిల్లర బరువు ఉంటుంది, అరచేతిని వాయగొడుతుంది, అనుభవం ఉన్నవాళ్ళకే దాంతో గురి కష్టం.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా? తప్పకుండా, నాకు ఇష్టమైన దారి కూడా అదే. పోలీసు శాఖలు కొత్త మోడల్‌కి మారినప్పుడు పాతవి అమ్మకానికి వస్తుంటాయి కొన్ని చోట్ల. ఏళ్ళ తరబడి హోల్‌స్టర్‌లో రాసుకుని పైన రంగు పోయి ఉంటుంది, లోపల చూస్తే పేల్చింది తక్కువే. గీతలకి భయపడకండి. బారెల్ తీసి వెలుతురుకి పెట్టి లోపల చూడండి: గాడులు స్పష్టంగా ఉన్నాయా, మధ్యలో ఎక్కడైనా ఉంగరంలా నీడ కనిపిస్తోందా అని. నీడ ఉంటే బారెల్ ఉబ్బిందని అర్థం, వదిలేయండి. ఫ్రేమ్‌లో పగుళ్ళు, స్లైడ్ జారే పట్టాల దగ్గర అరుగుదల చూడండి. ట్రిగ్గర్‌ని ఎవరో ఇంట్లో ఆకురాయి పెట్టి "స్మూత్ చేశాను" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. రివాల్వర్ అయితే హామర్ పూర్తిగా వెనక్కి పెట్టినప్పుడు సిలిండర్ గట్టిగా నిలవాలి, అటూ ఇటూ ఊగితే వద్దు. కొన్నాక రీకాయిల్ స్ప్రింగ్ (స్లైడ్‌ని ముందుకు నెట్టేది), మ్యాగజైన్ స్ప్రింగులు మార్చేయండి, చాలా తక్కువ ఖర్చు. సీరియల్ నంబర్ పెట్టి కంపెనీ ఏమైనా రీకాల్ ప్రకటించిందేమో, అది దొంగసొత్తు కాదా అనేది కనుక్కోకుండా మాత్రం డబ్బు ఇవ్వకండి.

మాన్యువల్ సేఫ్టీ (పేలకుండా వేలితో వేసే మీట) ఉండాలా అని చీటీ వచ్చింది. ఉన్నా మంచిదే, లేకపోయినా మంచిదే, ఏది కొన్నా దాంతోనే సాధన చెయ్యండి. ఏ మీటా చేయలేని పని మాత్రం ఒకటుంది: గురి పెట్టి, పేల్చాలని నిర్ణయించుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు. ప్రతి తుపాకీ లోడై ఉన్నట్టే చూడాలి, నాశనం చేయదలచుకోని దేని వైపూ బారెల్ తిప్పకూడదు, లక్ష్యం ఏమిటో దాని వెనక ఏముందో తెలుసుకోవాలి. వీటిలో రాజీ లేదు. రెడ్ డాట్ సైట్ (ఎర్ర చుక్కతో గురి చూపే పరికరం) గురించి అడిగినవాళ్ళకి: తర్వాత పెట్టుకోవచ్చు, పెట్టుకునే వీలున్న మోడల్ కొంటే చాలు, ఇప్పుడు ఆ డబ్బు తూటాలకి పెట్టండి.

ఇంట్లో దాచడం గురించి గట్టిగా చెప్తాను, నొచ్చుకోకండి. పరుపు కింద, బీరువా పైన, బట్టల మధ్య పెడితే దాచినట్టు కాదు. పిల్లలకి తెలియని చోటు ఇంట్లో ఏదీ ఉండదు. తాళం వేసే ఉక్కు పెట్టె, తాళంచెవి మీ దగ్గర. కుటుంబంలో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉంటే, ప్రాణం తీసుకోవాలన్న మాట ఎప్పుడైనా వారి నోట వచ్చి ఉంటే, ఆ మనిషి మీరే అయినా సరే, తుపాకీ ఇప్పుడు కొనొద్దు. ఇప్పటికే ఉంటే చట్టం ఒప్పుకునే చోట బయట భద్రం చేయించండి. అలాంటి ఘడియ కాస్త గడిచిపోతే మనిషి బతుకుతాడు. తుపాకీ అందుబాటులో ఉంటే ఆ ఘడియ గడవనివ్వదు.

కొన్నారు అనుకోండి. మాన్యువల్ పూర్తిగా చదవండి, ఫ్యాక్టరీ గ్రీజు తుడిచి, తేలిగ్గా నూనె వేయండి. మొదటి 200 రౌండ్లు మామూలు ప్రాక్టీస్ తూటాలతో, ప్రతి మ్యాగజైన్‌కీ ఒక నంబర్ రాసుకుని పేల్చండి, ఏది మొరాయించిందో తెలుస్తుంది. ఆత్మరక్షణకైతే హాలో పాయింట్ (ముక్కు గుంటగా ఉండే) తూటాలు కూడా ఒక పెట్టె పేల్చాలి, ఆ ముక్కు ఆకారం కొన్ని పిస్టళ్ళలో సరిగ్గా ఎక్కదు. ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో, ఆ గదిలో ఒక్క తూటా కూడా లేకుండా చూసుకుని, రోజూ పది నిమిషాలు డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన) చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు, గురి కుదరడానికి దీనికి మించిన దారీ నాకు తెలియదు. చెవులకి రక్షణ లేకుండా ఒక్కటి కూడా పేల్చకండి, హ్యాండ్‌గన్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, పోయిన వినికిడి తిరిగి రాదు. రేంజ్ నుంచి వచ్చాక చేతులు, మొహం కడుక్కున్నాకే ఏదైనా తినండి, సీసం పొడి అంటుకుని ఉంటుంది.

చివరి ప్రశ్న... "నొక్కితే పేలకపోతే ఏం చెయ్యాలి?" మంచి ప్రశ్న. నేర్చుకునే దశలో బారెల్‌ని లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి ఆ తూటాని బయటికి తీసేయండి. ఇంకోటి, ఎప్పుడూ వచ్చే శబ్దం కాకుండా "టప్" మని బలహీనంగా వినిపించి, తన్నుడు కూడా రాకపోతే, రెండోది అస్సలు పేల్చకండి. బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు, వెనకాల ఇంకోటి పేలితే బారెల్ చీలుతుంది. ఖాళీ చేసి, బారెల్ విప్పి చూడండి, లేదా రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

ఇక్కడ టేబుల్ మీద నాలుగు పిస్టళ్ళు, ఒక రివాల్వర్ ఉన్నాయి, అన్నీ ఖాళీవే, ఈ హాల్లో తూటాలు లేవు. అయినా ప్రతి ఒక్కరూ తీసుకోగానే ఛాంబర్ మీరే చూసుకోండి. ఒకరి తర్వాత ఒకరు రండి, బారెల్ ఆ గోడవైపే. చిన్న చేతులవాళ్ళు ముందు రండి, ఆ రెండోదానికి పలకలు మార్చి చూపిస్తాను.